స్టాప్‌వాచీ నా చేతిలో ఉన్న రోజు

బందరులో నాకన్నా గట్టి బేరగాడు లేడని నేను చెప్పుకోవడం కాదు, ఊరే చెబుతుంది. నేను మెట్లెక్కడం చూస్తే హోల్‌సేల్ వాళ్ళు మంచి సరుకు ముందే లోపలికి సర్దేస్తారు. అలాంటి నేను చేసిన బేరాలన్నింట్లోకీ గొప్పదాని గురించి చెబుతాను. మా అక్క మొగుడు, నా సొంత బావ, ఇరవై ఏళ్ళు తన చేత్తో కట్టుకున్న కారుని, ప్రాణం పోయినా ఇవ్వనన్నదాన్ని, ఆయన నోటితోనే "పట్టుకుపోరా" అనిపించాను. నేను మొదట చెప్పిన ధరకే, పైన ఒక్క రూపాయి పెంచకుండా తెచ్చుకున్నాను. అందుకు నాకైన ఖర్చు ఒక్క అబద్ధం. అది కూడా పెద్దదేం కాదు, నాలుగున్నర సెకన్లది. ఇంతకన్నా చవగ్గా ఎవరైనా కొని ఉంటే మా కొట్టుకి వచ్చి చెప్పండి, టీ నేనే ఇప్పిస్తాను.

మాది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ దుకాణం. నాన్న మాకు అక్షరాలకన్నా ముందు నేర్పింది మొహంలో ఏమీ కనపడనివ్వకపోవడం. కొనదలచుకున్న వస్తువు వైపు రెండోసారి చూడకూడదు. చేతిలోకి తీసుకుంటే వెంటనే ఒక వంక పెట్టాలి. పూత పల్చన, కొక్కెం వదులు, డిజైను పాతది. మూడు వంకలయ్యాక ధర అడగాలి. తన సరుకు మీద అవతలివాడికే అనుమానం పుట్టే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణం వాడి కళ్ళలో కనపడగానే పర్సు తియ్యాలి. నాన్న దీన్ని మోసం అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అవతలివాడూ మాతో అదే చేస్తాడు, అందరికీ తెలిసిన ఆటే.

మా కొట్లలో ఇంకో అలవాటుంది. ప్రతి వస్తువుకీ చిన్న అట్టముక్క కట్టి, దాని మీద మేం కొన్న ధర రాస్తాం. అంకెల్లో రాస్తే కొనేవాళ్ళు చదివేస్తారు కాబట్టి అక్షరాల్లో రాస్తాం. తాతగారి కాలం నుంచీ పది అక్షరాల మాట ఒకటుంది. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా వెళ్తే పదోది సున్నా. అట్ట కొనేవాళ్ళ కళ్ళ ముందే వేలాడుతుంది, తిప్పి తిప్పి చూస్తారు, కంపెనీ గుర్తు కాబోలు అనుకుని వదిలేస్తారు. ఆ మాట ఇక్కడ రాయను, ఇప్పటికీ మా కొట్లో అదే నడుస్తోంది. మా ఇంట్లో అందరికన్నా వేగంగా ఆ అక్షరాలు రాసింది మా అక్క. పెళ్ళికి ముందు సాయంత్రాలు కౌంటరు వెనక కూర్చుని వందల అట్టలు రాసేది. ఆవిడ పెళ్ళయి గుడివాడ వెళ్ళాక ఆ పని నాకు వచ్చింది. రాత మాత్రం ఆవిడంత కుదరలేదు.

గుడివాడలో బావది కార్ల మరమ్మతు షెడ్డు. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు, ముందు షట్టరు, వెనకే ఇల్లు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. బంధువుల పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చుని, బయట ఎవరిదో కారు స్టార్టయితే, విస్తరి ముందు నుంచే "మూడో సిలిండరు అందట్లేదు" అనేవాడు. అక్కకి తల కొట్టేసినట్టుండేది.

ఆ కారు కథ ఇది. బందరాయన ఒకాయన సింగపూర్‌లో ఓడల కంపెనీలో పనిచేసి తిరిగొస్తూ ఒక జపాన్ స్పోర్ట్స్ కారు వెంట తెచ్చుకున్నాడు. రెండే డోర్లు, నేలకి అంటుకున్నట్టు ఉండే ఒళ్ళు, మోటారుసైకిల్‌లా గోల పెట్టే ఇంజను. ఆయన పోయాక అది పాకలో పడి ఉప్పుగాలికి తుప్పుపట్టిపోయింది. ఒక తుఫానుకి పాక దాని మీదే కూలింది. పాత ఇనుము కింద ఎత్తుకుపోబోతుంటే బావ అడ్డుపడి కొన్నాడు. అడుగు రేకు మొత్తం కొత్తగా కొట్టాడు. దొరకని సామాను లేతులో తిప్పించాడు. ఒక్క రబ్బరు సీలు కోసం ఏడాది ఆగాడు. అప్పుడు పెళ్ళీడుకి రాని కూతురికి పెళ్ళయి కొడుకు పుట్టేసరికి కారు పూర్తయింది. ఆదివారం పొద్దున్నే దాన్ని తీసుకుని దివిసీమలోకి దిగి, మోపిదేవి మీదుగా హంసలదీవి దాకా వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట బానెట్ ఎత్తి ఇంజను చల్లారబెట్టుకుని తిరిగొచ్చేవాడు. "చేపల బండి కూడా ఇంత పొద్దున్నే వెళ్ళదు" అని అక్క దెప్పేది.

నేను కన్నేసింది అప్పుడే. హైదరాబాదులో పాత జపాన్ కార్లు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన, పెళ్ళి నగల షూటింగు కోసం మా సెట్లు అద్దెకి తీసుకుంటూ పరిచయమయ్యాడు. మాటల్లో బావ కారు ఫోటో చూపించాను. ఆయన ఫోను నా చేతిలోంచి లాక్కుని పెద్దది చేసి చూశాడు. కొనదలచుకున్నవాడు అలా చూడకూడదు. పదకొండు లక్షలిస్తానన్నాడు.

నేను బావకి నాలుగు చెప్పాను.

"ఏరా బామ్మర్దీ, గిల్టు గాజుల బేరమా ఇది?" అని నవ్వాడు బావ. "నలభై ఇచ్చినా ఇవ్వను పో."

"ఇస్తానన్న నాలుగూ నాకు ఎక్కువే బావా. పాతకాలం బండి. ఏసీ కూడా చల్లగా రాదు."

"నీకు చల్లగా కావాలంటే ఫ్రిజ్ కొనుక్కో."

అలా రెండేళ్ళు వెళ్ళిన ప్రతిసారీ ఒక వంక పెట్టి వచ్చేవాణ్ణి. బావ ఒక్కసారీ కదల్లేదు. ఆయన్ని కదిలించింది నేను కాదు, ఆయన చేతులు. కుడి చెయ్యి వణకడం మొదలైంది. స్క్రూ పట్టుకుంటే జారిపోయేది. పైగా షెడ్డుకి వచ్చే కార్లు మారిపోయాయి. బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనపడుతుంది, దాని కింద ఏముందో కంప్యూటర్ తగిలిస్తేనే చెబుతుంది. పని మానెయ్యమని డాక్టరు, కొట్టు మూసెయ్యమని అక్క. బావ ఇద్దరి మాటా విని మళ్ళీ షెడ్డుకే వెళ్ళేవాడు.

ఆ రోజుల్లోనే నాగాయలంక అవతల రొయ్యల చెరువులున్న ఒకాయన షెడ్డుకి వచ్చాడు. జపాన్ నుంచి కొత్త స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నాడు. చెరువుగట్టు మీద అడుగు తగిలి కింద కవరు విరిగింది. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. బావ దాని కింద పడుకుని చాలాసేపు బయటికి రాలేదు.

"ఏంటండీ, నిద్రపోయారా?" అన్నాడు చెరువులాయన.

"చూస్తున్నానండీ. నా దానికన్నా నాలుగు క్వింటాళ్ళు ఎక్కువ బరువుంటుంది. బలం మాత్రం దాదాపు రెండింతలు. గేర్లు అదే మార్చుకుంటుంది, జారితే అదే సర్దుకుంటుంది. ఇంక మనిషి ఎందుకండీ ఇందులో?"

"డబ్బులు కట్టడానికండీ" అన్నాడు ఆయన. ముగ్గురం నవ్వాం.

ఆయనే మాట తెచ్చాడు. చెన్నై దగ్గర రేసుల ట్రాకుని సెలవురోజుల్లో అద్దెకిస్తారని, తనలాంటివాళ్ళు కొందరు కలిసి ఒక పూట తీసుకున్నారని, బావ పాత కారు తెస్తే రెండూ ఒకే దారి మీద నడిపి చూడొచ్చని. రెండూ బావే నడపాలి, అప్పుడే న్యాయం అన్నాడు. మంచి మనిషి.

ఆయన వెళ్ళాక బావ చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"నువ్వూ రారా. ఎటూ నా కారు మీద కన్నుందిగా. ఒక మాట అనుకుందాం. ట్రాకు మీద ఒక చుట్టులో నాది దానికి మూడు సెకన్ల లోపు వచ్చిందనుకో, కారు నాది, కొట్టు తీసే ఉంచుతా. మీ అక్క ఏమన్నా సరే, చెయ్యి వణికినా సరే, ఇంకోడి చేత పట్టించి చేస్తా. మూడు దాటిందా, నీ నాలుగు లక్షలకే నువ్వు పట్టుకుపో. నేను షట్టరు దించేస్తా."

"అదేంటి బావా, కారుకీ కొట్టుకీ ముడేంటి?"

"ఇరవై ఏళ్ళు నేను చేసింది పనో, పాత ఇనుముకి రంగు వెయ్యడమో, మానేసే ముందు నాకు తెలియాలి కదరా."

నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అలవాటు.

కొత్త కారు లారీ మీద వెళ్ళింది. పాతది మేమిద్దరం నడుపుకుంటూ వెళ్ళాం. ఒంగోలు దాటాక ఏసీ మానేసింది. ఇంకో వంక దొరికిందని నేను చెమట తుడుచుకుంటూ సంతోషించాను. బావ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. అంతసేపు ఆయన మాట్లాడ్డం నేను అంతకుముందు వినలేదు. రేడియేటరు గొట్టం ఎక్కడ దొరికిందో, కరెంటు లేని రోజు ఏ బోల్టు బిగించాడో, అక్క ఏ నగ అమ్మి పిస్టన్లు తెప్పించిందో.

"ఏ నగ?" అన్నాను.

"అసలుదేలే, మీ కొట్టుది కాదు" అన్నాడు.

ట్రాకు దగ్గర టేబులు వేసుకుని కూర్చున్నవాళ్ళు కారుకి తగిలించే చిన్న డబ్బా అద్దెకిస్తున్నారు. చుట్టు ఎన్ని సెకన్లలో అయిందో అదే లెక్కపెట్టి కాగితం మీద అచ్చేస్తుంది. రెండు కార్లకీ రెండు డబ్బాలు, అద్దె మూడు వేలు. చెరువులాయన జేబులో చెయ్యి పెట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను. మూడు వేలా? ఇందుకోసమే తెచ్చుకున్న స్టాప్‌వాచీ చేతిలో ఉండగా డబ్బాలెందుకు? వెయ్యికి రెండూ ఇస్తే చూద్దామన్నాను. వాళ్ళు ఇవ్వలేదు. నేను తీసుకోలేదు. అప్పటికి నా మనసులో దొంగతనమేమీ లేదు, దేవుడి మీద ఒట్టు. కేవలం పిసినారితనం. ఆ మూడు వేలు ఎవరో ఒకరు కట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ట్రాకు పక్కన కార్లు ఆగే చోట, పిట్ గోడ దగ్గర నేను నిలబడ్డాను. గీత దాటగానే నొక్కడం, మళ్ళీ దాటగానే నొక్కడం. ఒక్కో కారుకీ మూడు చుట్లు. మొదటిది టైర్లు వేడెక్కడానికి, రెండోది లెక్కకి, మూడోది చల్లారడానికి.

ముందు కొత్తది. అది చప్పుడు లేకుండా వచ్చింది. తిన్నటి దారిలో కనపడిందనుకునేలోపు నన్ను దాటిపోయింది. మలుపుల్లో అయితే కంగారూ లేదు, జారడమూ లేదు, పట్టాల మీద పోయినట్టు తిరిగింది. రెండో చుట్టు రెండు నిమిషాల అయిదు సెకన్లు, పైన ఒక పదోవంతు. బావ దిగి తల ఊపాడు. "చాలా మంచి బండండీ. నేను చేసిన తప్పులు రెండు అదే దిద్దింది. నాకు తెలియనివ్వలేదు కూడా."

తర్వాత పాతది. దాని రాక ట్రాకు అవతలి పక్క నుంచే వినపడింది. తిన్నటి దారిలో కొత్తదానంత వేగం లేదు, అది నాకే తెలిసింది. కానీ మలుపు దగ్గర బావ బ్రేకు బాగా ఆలస్యంగా తొక్కాడు. తొక్కుతూనే మడమతో ఏక్సిలేటరు తట్టి గేరు దించినప్పుడు ఆ ఇంజను ఒక్క కేక పెట్టింది. వెనక భాగం కొంచెం పక్కకి జరగబోయి, బావ చేతిలో సర్దుకుంది. ఆ చేతిలోనే, ఆ వణికే చేతిలోనే. పక్కన నిలబడ్డవాళ్ళు మాటలాపి చూశారు. నేను నొక్కాను.

రెండు నిమిషాల నాలుగు సెకన్లు, పైన ఆరు పదోవంతులు.

అర సెకను ముందు. మూడు సెకన్లు వెనక ఉన్నా చాలన్న మనిషి అర సెకను ముందున్నాడు. కొత్తదాన్ని రోజూ నడిపేవాడెవడైనా నడిపితే అది ఇంకా త్వరగా తిరిగేదేమో, ఆ సంగతి వేరు. ఆ పూట, ఆ దారి మీద, ఆ మనిషి చేతిలో జరిగింది ఇది.

జేబులో మా కొట్టు అట్టముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఒకదాని మీద కొత్తదానికి 'కొ' అని, పాతదానికి 'పా' అని పెట్టి, పక్కన నాలుగేసి అక్షరాల్లో రెండు టైములూ రాశాను. అంకెలు రాయాలంటే మా చేతికి ముందు వచ్చేవి ఆ అక్షరాలే. రాస్తుంటే బావ హెల్మెట్ తీసుకుంటూ వచ్చాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"చెప్పరా."

ఆయన కళ్ళలో చూశాను. అక్కడ అనుమానం ఉంది. సరుకు అమ్మేవాడి కళ్ళలో మాకు కావలసిన ఆ క్షణం, పర్సు తియ్యాల్సిన క్షణం, సరిగ్గా అదే. యాభై ఏళ్ళుగా నేర్చుకున్నది నా కన్నా ముందు నా నోట్లోంచి వచ్చేసింది.

"రెండు తొమ్మిది బావా. రెండు నిమిషాల తొమ్మిది."

"తొమ్మిదా?"

"పైన ఒక పదోవంతు. దానికన్నా సరిగ్గా నాలుగు సెకన్లు వెనక."

బావ కారు వైపు చూశాడు. "చేతికి వేగంగానే తోచిందిరా."

"గోల చేస్తుంది కదా, వేగంగా అనిపిస్తుంది. అందులో గోల ఉండదు, పోతున్నట్టే తెలీదు" అన్నాను. ఈ మాట నిజం. అబద్ధం పక్కన ఒక నిజం పెడితే గట్టిగా నిలబడుతుందని కొట్లో కూర్చున్నవాడెవడికైనా తెలుసు.

"అంతేలే" అన్నాడు. చెరువులాయన భుజం తట్టి, "ఇన్నేళ్ళ కారుకి నాలుగు సెకన్లంటే తక్కువేం కాదండీ" అన్నాడు. బావ నవ్వాడు. తర్వాత నా చేతిలో అట్ట చూసి అడిగాడు.

"అది ఇలా ఇవ్వరా. గుర్తుగా ఉంచుకుంటా."

నేను వెనకాడలేదు. జీవితమంతా ఆ అక్షరాలు కొనేవాళ్ళ కళ్ళ ముందు వేలాడదీసినవాణ్ణి. ఎవరూ చదవలేరన్న ధీమా. నవ్వుతూ ఇచ్చాను కూడా. ఆ ఇంట్లో ఆ అక్షరాలు నాకన్నా బాగా వచ్చిన మనిషి ఒకరున్నారని, ఆవిడ చేతి కిందే నేను వాటిని నేర్చుకున్నానని, ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు.

తిరుగు ప్రయాణంలో బావ నన్ను నడపమన్నాడు. పక్క సీట్లో కూర్చుని గుడివాడ దాకా నాలుగైదు మాటలన్నాడేమో. ఇంటికి రాగానే అక్క ఎదురొచ్చి, "ఏమయింది?" అంది.

"నాలుగు సెకన్లు వెనకబడ్డానే" అన్నాడు. లోపలికి వెళ్ళి స్నానం చేశాడు. ఆ వారమే షట్టరు దించాడు.

కారు బందరు తెచ్చాను. నేనే ఉంచుకుంటానని, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి నడుపుకోమని చెప్పాను. పది రోజుల్లో అది హైదరాబాదు వెళ్ళిపోయింది. ఒకరోజు బావ ఫోను.

"ఏరా, ఒకసారి స్టార్ట్ చేసి వినిపించు. ఊరికే."

"బ్యాటరీ దిగిపోయింది బావా, రేపు."

మర్నాడు చేస్తే కొట్లో ఉన్నానన్నాను. ఆ మర్నాడు చేస్తే పెడన వెళ్తున్నానన్నాను, కలంకారీ చీరల వాళ్ళతో పనుందని. చివరికి అమ్మేశానని ఒప్పుకున్నాను. "ఎంతకి?" అన్నాడు. "నాలుగున్నర. యాభై వేలు మిగిలాయి, అవీ రిపేర్లకి పోయాయి" అన్నాను. "పోనీలే, నష్టపోలేదుగా" అన్నాడు.

మూడు నెలలకి హైదరాబాదు పెద్దమనిషి ఫోను చేశాడు. "ఈ ఇంజను కట్టినాయన ఎవరండీ? నా దగ్గర ఇలాంటివే ఇంకో రెండున్నాయి. పక్కన మనుషుల్ని పెట్టుకుని, చెప్పి చేయించినా చాలు. నంబరు ఇవ్వండి."

నంబరు ఇస్తే వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే పదకొండు లక్షల మాట వస్తుంది. "ఆయన పని మానేశారండీ" అన్నాను. అదీ నిజమే. నేను మాన్పించానని మాత్రం చెప్పలేదు.

ఒక్కసారి చెబుదామనుకున్నాను. మోపిదేవిలో. అక్క మనవడికి చెవులు కుట్టించడానికి అందరం వెళ్ళాం. ఆడవాళ్ళు లోపలుంటే నేనూ బావా బయట నా కారు నీడలో నిలబడ్డాం. కొట్టు మూశాక ఆయన బాగా చిక్కిపోయాడు. పక్కనుంచి యాత్రికుల బస్సు ఒకటి బెల్టు కీచుమంటూ పోయింది. పూర్వమైతే డ్రైవర్ని ఆపి చెప్పేవాడు. ఇప్పుడు తల కూడా తిప్పలేదు.

"బావా, ఆ ట్రాకు దగ్గర..." అన్నాను.

"నేనూ అదే అనుకుంటుంటానురా. నువ్వు కాబట్టి మొహమాటం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పావు. ఇంకోడైతే బానే ఉందండీ అని పొగిడి పంపేవాడు. నేనూ నమ్మి ఆ పాత ఇనుము పట్టుకుని ఊగులాడుతుండేవాణ్ణి." నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వణుకు నా చేతిలోకి వచ్చింది. "మీ వాళ్ళు సరుకు చూసి చెబితే తప్పు పోదు."

 అక్క ప్రసాదం తెచ్చింది. తిన్నాను.

కొట్టు మూసిన పధ్నాలుగో నెలలో బావ పోయాడు. పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో అలాగే ఒరిగిపోయాడు. గుండె. డాక్టర్ చెప్పిన జబ్బుకీ దీనికీ సంబంధం లేదట. దేనికి సంబంధం ఉందో నేను అడగలేదు.

పెద్దకర్మ అయిన వారానికి అక్క ఫోను చేసింది. "రేపు కొట్టు తియ్యకు. ఇక్కడికి రా" అంది. కారణం చెప్పలేదు.

పదకొండింటికి గుడివాడలో దిగాను. అక్క షెడ్డులో ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది. పనిముట్ల పెట్టె తెరిచి, ఒక్కో స్పానరూ తుడిచి వరసగా పేర్చింది, ఎవరికైనా ఇచ్చేద్దామని. పెట్టె అడుగున పరిచిన కాగితం కింద దొరికిందట. అట్టముక్క నా చేతిలో పెట్టింది. అంచులు నూనెకి నల్లబడ్డాయి.

"నీ రాతేగా?"

"ఆ."

"చదువు."

"నీకు వచ్చు కదక్కా."

"నాకు వచ్చు. నాకొచ్చనే మీ బావ దీన్ని నాకు కనపడకుండా దాచుకున్నట్టున్నారు. ఓడిపోయిన కాగితం పెళ్ళానికి ఎవరు చూపిస్తారు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నా చేతికిచ్చి ఉంటే, వంట చేస్తూనే చదివి చెప్పేదాన్ని కదరా. పధ్నాలుగు నెలలు ఈ పెట్టెలో ఉంది. నేను పక్క గదిలో ఉన్నాను." ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది. "ఎంతకమ్మావు?"

"పదకొండు."

మిగిలిన ఏడు లక్షలూ సంచిలో తెచ్చానని, ఫోను రాగానే ఎందుకో తీసుకెళ్ళాలనిపించిందని చెప్పాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఫోను సంగతి కూడా చెప్పాను. అక్క సంచి వైపు చూడలేదు.

"దాన్నేం చేసుకోను? పట్టుకుపో. అక్కడ ఆయన ఎక్కడ నిలబడ్డారు, నువ్వెక్కడ నిలబడ్డావు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ షట్టరు పూర్తిగా ఎత్తింది. వెలుతురు లోపలి గోడ దాకా వచ్చింది. కారు నిలబెట్టే చోట నేల మీద పాత నూనె మరకలు నాలుగు చక్రాల మధ్య కొలతకి సరిపోయేలా అలాగే ఉన్నాయి. అక్క ఆ మరకల పక్కకి జరిగి నిలబడింది.

"ఆయన అడిగితే చెప్పావు కదా. మళ్ళీ చెప్పు. ఉన్నది చెప్పు. గట్టిగా, అప్పుడు చెప్పినట్టే."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఎదురు టీకొట్టు వాళ్ళు ఇటే చూస్తున్నారు. అట్టముక్కని వెలుతురు వైపు తిప్పాను. నేను చదివాను. తొందరగా చదివితే అక్క ఆపి మళ్ళీ చదివించింది. మొత్తం బిల్లు ఇది, ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

కొత్త కారు, రెండు నిమిషాల అయిదు సెకన్లు, ఒక పదోవంతు.

పాత కారు, రెండు నిమిషాల నాలుగు సెకన్లు, ఆరు పదోవంతులు.

తేడా అర సెకను. బావదే ముందు.

కారు కొన్నది నాలుగు లక్షలకి, అమ్మింది పదకొండుకి. డబ్బాల అద్దె మిగిల్చింది మూడు వేలు. షట్టరు దించి ఉన్నది పధ్నాలుగు నెలలు. అందులో నేను నిజం చెప్పడానికి వీలున్న రోజులు, అన్నీ.